ఇటు సూడు జగదీషూ

ధర్మవరంలో మగ్గం లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాల. సంజీవప్ప ఇంట్లో ఉండేది ఒక్క మగ్గమే గానీ, ఇంట్లో సగం జాగా దానిదే. మిగతా సగంలో సంజీవప్ప, పెండ్లాం కుళ్ళాయమ్మ, కూతురు యామిని, ఒక గ్యాస్ పొయ్యి, ఒక టీవీ ఎట్లో సర్దుకోని ఉంటారు. మగ్గం గుంతలోకి కాళ్ళు దించినాడంటే సంజీవప్పకు ఇంక లోకం కనపడదు. తల వంచితే వంచినట్లే. ఆయన వెనకాల, వాకిలి పక్కన, కుళ్ళాయమ్మ రాట్నం ముందర కూర్చోని పట్టు పోగును కండెలకు చుడుతుంటుంది. అంటే పెండ్లయిన కాడి నుంచి ఆమె చూసింది ఆయన వీపు, ఆయన విన్నది ఆమె రాట్నం. ఇట్లా కూడా సంసారాలు జరుగుతాయి. బాగానే జరుగుతాయి.

రాట్నం తిప్పుతా కుళ్ళాయమ్మ ఏదో ఒకటి పాడుతుండేది. మగ్గం చప్పుడులో సంజీవప్పకు రాగం వినపడేది గానీ మాటలు వినపడేవి కావు. వినాలని ఆయన ఎప్పుడూ మగ్గం ఆపలేదు కూడా. చీర మీద ఉండే ధ్యాస అట్లాంటిది. ఆయన నేసిన అంచు చూసి పట్టుచీరల అంగడోళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పుతోనే మనిషి కడుపు నిండిపోయేది. పెండ్లాం ఏం పాడుతుందో కనుక్కోవాలనే ఆలోచన పుట్టేకి అందులో సందు యాడిది?

ఎదురింట్లో ఖాతూన్‌బీ ఉంటుంది. గాజులామె. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకోని ఇంటి కాడనే అమ్ముతాంది గానీ, ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకోని బత్తలపల్లి దాకా తిరిగిన మనిషి. ఆమె మనవడు యూనస్‌కు హిందూపురంలో చిన్న రికార్డింగ్ గది ఉండాది. పెండ్లి వీడియోలకు పాటలు అతికించడం వాని పని. రంజాన్ పండక్కి అవ్వ దగ్గరకు వచ్చినవాడు, సేమియా గిన్నె ఇచ్చేకి సంజీవప్ప ఇంటి వాకిట్లోకి వచ్చినాడు. ఆ పొద్దు సంజీవప్ప జరీ తెచ్చేకి అంగడికి పోయినాడు. మగ్గం నిలిచిపోయింది. రాట్నం ఒక్కటే తిరుగుతాండాది, దాని మీద కుళ్ళాయమ్మ గొంతు. యూనస్ గిన్నె చేతిలో పట్టుకోని అట్లే నిలబడిపోయినాడు.

"అక్కా, ఎవరిదక్కా ఈ పాట?"

"ఎవరిదీ కాదు నాయనా. నేనే ఊరికే అల్లుకున్నా."

"ఇట్లాంటివి ఇంకా ఉండాయా?"

"చుట్టిన కండెలన్ని ఉండాయి" అని నవ్వింది కుళ్ళాయమ్మ.

హిందూపురంలో ఆ పాటలు రికార్డు చేస్తానని యూనస్ సంజీవప్పను అడిగితే, తల ఎత్తకుండానే "పాడుకోమను, దానికేముండాది, మాపటికి వచ్చేయమను" అన్నాడు. పాటలేమిటి, ఎవరి మీద, ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు మహానుభావుడు.

కుళ్ళాయమ్మ ఖాతూన్‌బీని తోడు తీసుకోని రైలెక్కి హిందూపురం పోయింది. అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, పాడక్కా అన్నాడు యూనస్. ఎంతకీ నోరు పెగల్లేదు. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు పాట రాదు. నీళ్ళు తాగించినాడు, లైటు ఆర్పినాడు, లాభంలేదు. కడాకు ఖాతూన్‌బీకే తట్టింది. "రాట్నం లేకుండా ఆ బిడ్డ యాడ పాడుతుందిరా, పోయి ఎత్తుకోని రాపో" అనింది. మళ్ళీ వారం రాట్నాన్ని రైలెక్కించి తెచ్చినారు. రాట్నం తిరిగింది, ఒకదాని వెనక ఒకటి ఎనిమిది పాటలు వచ్చినాయి. అందుకే ఆ ఎనిమిది పాటల్లోనూ యూనస్ వాయించిన కీబోర్డు కింద ఒక కిర్రు చప్పుడు వినిపిస్తుంటుంది. దాన్ని తీసేయాలని చూసి, తీస్తే పాట చచ్చిపోతాందని వదిలేసినాడు.

అన్నీ ప్రేమ పాటలే. ఆల్బమ్‌కు మొదటి పాట పేరే పెట్టినాడు: ఇటు సూడు జగదీషూ.

*ఇటు సూడు జగదీషూ, ఒకపారి ఇటు సూడు*
*పొద్దంతా నీ తట్టే సూస్తా కూసున్నా*
*పొద్దు పోకముందే ఇటు సూడు*

మొదటి ఏడాది దాన్ని విన్న పాపాన పోయినోళ్ళు లేరు. యూట్యూబ్‌లో పెడితే ఎవరో నలుగురు విన్నారు. ఆ నలుగురిలో యూనస్ ఒకడు, రెండుసార్లు. మగ్గాల వీధి ఆడోళ్ళు మాత్రం విని పడీపడీ నవ్వుకున్నారు. ఎందుకు నవ్వుతాండారో మొగోళ్ళెవరూ పట్టించుకోలేదు. కుళ్ళాయమ్మ కూడా కండెలు చుట్టుకుంటా ఆ సంగతే మర్చిపోయింది.

తర్వాత ఎట్లా పాకిందో పాకింది. ముదిగుబ్బ బస్సు డ్రైవర్ ఒకాయన పొద్దున ట్రిప్పులో పెట్టేవాడంట. పెనుకొండ నుంచి బెంగుళూరు తట్టు గార్మెంట్ పనికి పోయే ఆడపిల్లలు వ్యానులో పెట్టించుకునేవాళ్ళంట. వాళ్ళు అక్కడ కుట్టుమిషన్ల మీద పాడుకుంటే పక్క మిషన్ల మీద కన్నడమోళ్ళు నేర్చుకున్నారంట. ఒక పెండ్లిలో పెండ్లికొడుకు పేరు జగదీషే అయ్యేసరికి పెండ్లికూతురి జతలోని పిల్లలంతా కలిసి పాడి ఆ వీడియో పెట్టినారు. అంతే, ఇంక పట్టుకునేవాళ్ళు లేరు. ఈ వినేటోళ్ళు ఒకసారి విని వదిలిపెట్టే రకం కాదు. ఎనిమిది పాటలూ వరసగా నోటికి వచ్చినోళ్ళు. రాట్నం చప్పుడు యాడ ఆగుతుందో, యాడ కుళ్ళాయమ్మ ఊపిరి పీల్చుకుంటుందో, అన్నీ తెలుసు వాళ్ళకు. కదిరి నుంచి ఒకామె వచ్చి, వాకిట్లో నిలబడి, ఆ రాట్నాన్ని చేత్తో ముట్టుకోని కండ్లకద్దుకోని పోయింది. కుళ్ళాయమ్మకు సిగ్గుతో చావొచ్చినంత పనైంది.

సంజీవప్పకు ఇదంతా మొదట బాగానే ఉండె. నలుగురూ పలకరిస్తుంటే ఎవరికి చేదు? ఒకరోజు టీ అంగడి కాడ ఎవరి ఫోనో మోగింది. రింగ్‌టోన్. గ్లాసు నోటి కాడికి పోయినదల్లా ఆగింది. గొంతు తన పెండ్లాందే. రాట్నం తన ఇంటిదే. జగదీష్ ఎవడు?

ఆ పొద్దు ఇంటికి వచ్చి, ఎవరూ లేనప్పుడు కూతురి ఫోన్ తీసుకోని, మొదటిసారి ఆ పాటలన్నీ కుదురుగా కూర్చోని విన్నాడు. వినేకొద్దీ గుండె జారిపోయింది. అట్లా ఉండాయి అవి. 'నీ సొక్కా ఉతికిన నాడు సబ్బు వాసన నాకొద్దు' అంటాది ఒక పాటలో. 'పూలు తేలేదని నేనెప్పుడన్నా అడిగితినా' అంటాది ఇంకొకదాంట్లో. ఒకదాంట్లో అయితే ఆ జగదీష్ మెడ మీద పుట్టుమచ్చ గురించి మొత్తం చరణమే ఉండాది. ఇంత ప్రేమ ఈమెలో యాడ ఉండె? ఇన్నేండ్లు ఒక కప్పు కింద ఉండి, ఒక్క మాటన్నా తన ముందర అనలేదే? ఇదంతా ఎవనికి దాచిపెట్టింది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాల. సంజీవప్పకు కూడా మెడ వెనకాల పుట్టుమచ్చ ఉండాది. కానీ ఎవని మెడ వెనకాల ఏముండాదో వానికెట్లా తెలుస్తాది? చూసేటోళ్ళు వెనకాల కూర్చున్నోళ్ళే. చొక్కా సంగతికి వస్తే, వేరే మొగోని చొక్కా ఈమె యాడ ఉతికిందబ్బా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. ఉతికేది తన చొక్కాలే కదా అని ఆ బుర్రకు తట్టలేదు. అసూయ పట్టుకుంటే అంతే, కండ్లుండీ కనపడదు.

కుళ్ళాయమ్మ ఆయన పేరు ఎన్నడూ నోటితో అనలేదు. ఇప్పటి పిల్లలు మొగుడిని పేరు పెట్టి పిలవడం కాదు, రేయ్ అంటాండారు, అది వేరే సంగతి. కుళ్ళాయమ్మ కాలం దాకా మా తట్టు ఆడోళ్ళు మొగుని పేరు చెప్పేది లేదు. రేషన్ కార్డు కాడ అడిగినా పక్కనున్నోళ్ళు చెప్పాల్సిందే. ఆయన్ను పిలవాలంటే "ఇదో" అంటాది, లేకుంటే "యామిని వాళ్ళ నాయనా" అంటాది. అది సంజీవప్పకు అలవాటే. ఎప్పుడూ దాన్ని తప్పని అనుకోలేదు. ఇప్పుడు మాత్రం అదే ముల్లయింది. తన పేరు ఒక్కసారన్నా అనని నోరు, ఊర్లు దాటి వినపడేటట్లు జగదీష్ జగదీష్ అంటాండాది.

అడిగితే సరిపోయేది కదా అంటారు మీరు. అడిగేకే భయం. అడిగితే ఆమె అవునంటే? ఆ అవును విన్నాక ఆ మగ్గం కాడ, ఆమెకు వీపు తిప్పుకోని ఎట్లా కూర్చునేది?

"కూడు తినవేమి?" అంటాది కుళ్ళాయమ్మ.

"ఆకలి లే."

"ఏమైంది నీకు? పాటల సంగతేనా? వీధంతా నవ్వుతాండారని సిగ్గా?"

వీధంతా నవ్వుతాండారా! అది కూడానా! సంజీవప్ప లేచి మగ్గం గుంతలోకి దిగినాడు. కుళ్ళాయమ్మ ఆయన వీపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుకుంది. ఆమెకు తెలిసినంతలో ఆయన మురిసిపోతా బయటికి చెప్పుకోలేకుండా ఉండాడు. మొగోళ్ళంతా ఇంతే అనుకుంది.

బత్తలపల్లి క్రాస్ కాడ ఒకనాడు బస్సు కోసం నిలబడి ఉంటే ఇద్దరు పిల్లోళ్ళు మాట్లాడుకుంటాండారు. ఈయన ఎవరో వాళ్ళకు తెలియదు. "ఆయమ్మ మొగుడు ఎవరో సంజీవప్పంటరా. జగదీష్ కాదంట." "పాపం రా ఆ మొగుడు!" సంజీవప్ప బస్సు వచ్చినా ఎక్కలేదు. తర్వాతి బస్సు దాకా అక్కడే నిలబడినాడు. తనను తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. పాపం అంటే ఏం చేసేది?

ఆ వారంలోనే పట్టుచీర అంచులో హంస తల ఒకచోట తిరగబడింది. ఇన్నేండ్ల నేతలో అట్లా ఎప్పుడూ జరగలేదు. విప్పి మళ్ళీ నేసినాడు. ధర్మవరంలో తనకు తెలిసిన జగదీష్‌లందరినీ మనసులో నిలబెట్టి చూసినాడు. ఒకడు బడికి పోయే పిల్లోడు. ఒకడు పోయిన ఏడాది పెండ్లి చేసుకున్నోడు. ఎవడూ అతకలేదు.

అట్లాంటప్పుడు హిందూపురం నుంచి యూనస్ కబురు పంపినాడు. వినేటోళ్ళు అడిగి అడిగి చంపుతాండారు, ఒక ఆదివారం మధ్యాహ్నం కల్యాణమండపం తీసుకోని అక్క చేత ఎనిమిది పాటలూ ఎదురుగా పాడిస్తా, అన్నాడు. దానికి ఒక పోస్టర్ వేయించినాడు. పైన రాట్నం బొమ్మ, నడుమ కుళ్ళాయమ్మ ఫోటో, కింద పెద్ద అక్షరాలతో: సౌండ్, జగదీష్ సౌండ్ సర్వీస్, పెనుకొండ.

సంజీవప్ప ఆ పోస్టర్ తట్టు చానా సేపు చూసినాడు. మరుసటి రోజు జరీకని చెప్పి పెనుకొండ బస్సెక్కినాడు. ఆ బస్సులోనూ ఆ పాటే పెట్టి ఉండారు, దాని దరిద్రం. వెనక సీటు పిల్లలు దానికి తోడు పాడుతాండారు. సంజీవప్ప కిటికీ తట్టు తిరిగి కొండలు చూస్తా కూర్చున్నాడు.

పెనుకొండ మెయిన్ రోడ్డులో, కొండ కింద, ఆ అంగడి దొరికింది. గేటంత స్పీకర్ డబ్బాలు, చుట్టలు చుట్టలుగా వైర్లు, వాటి నడుమ కుర్చీలో తల నెరిసిన పెద్దాయన ఒకరు చెవి మిషన్ సరిచేసుకుంటా కూర్చోని ఉండాడు.

"జగదీష్ యాడ?" అన్నాడు సంజీవప్ప.

"గట్టిగా చెప్పప్పా. బాక్సుల ముందర కూర్చోని కూర్చోని చెవులు పోయినాయి."

"జగదీష్ యాడా అని!"

"నేనే" అని నిట్టూర్చినాడు పెద్దాయన. "నువ్వు కూడా ఫోటో తీసుకునేకి వస్తివా? రోజూ ఎవరో ఒకరు వస్తాండారు, నువ్వేనా ఆ జగదీష్ అని. ఈ మొగం చూడప్పా! ఈ మొగం మీద పాటలు కడతారా ఎవురన్నా? మా ఇంటామె విని మూడు రోజులు నాకు కాఫీ ఇయ్యలేదు."

సంజీవప్ప ఆ మొగం తట్టు చూసినాడు. నిజమే, కట్టరు. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైంది. నిలబడినవాడు ఒక డబ్బా మీద కూలబడినాడు. పెద్దాయనకు మాట్లాడేకి మనిషి దొరికినాడు, వదులుతాడా?

"మీది ధర్మవరమా? నేను మొదట ఆడనే అంగడి పెట్టింటి. ఇది నా కొడుకు ఇల్లు కట్టినాక వచ్చిన చోటు. మీ మగ్గాల వీధిలోనే ఒకరింట్లో శ్రీమంతానికి మైకు పెడితి. లోపల ఆడోళ్ళు ఉన్నట్టుండి నా డబ్బా తట్టు చూసి ఒకటే నవ్వు. డబ్బా మీద ఉండేది నా పేరే కదా, నవ్వేకి ఏముండాదప్పా దాంట్లో? ఎందుకు నవ్విరో ఈ పొద్దుకీ తెల్దు."

సంజీవప్ప తల ఊపినాడు. మగ్గాల వీధిలో ఎన్ని శ్రీమంతాలు జరగలేదు! కడుపుతో ఉన్నామెకు గాజులు తొడిగే వేడుక. దాంట్లో మొగోళ్ళకేం పని? షామియానా కింద తినడం, బయటనే చేతులు కడుక్కోవడం. తన ఇంట్లో జరిగినప్పుడు తానూ అంతే చేసినాడు. పెద్దాయన దగ్గర సెలవు తీసుకోని బస్సెక్కినాడు. ఈయన కాదు. అయితే ఎవడు? పోయిన బరువు ధర్మవరం చేరకముందే మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఆదివారం దగ్గరపడేకొద్దీ మనిషి ఒక నిశ్చయానికి వచ్చినాడు. కార్యక్రమానికి పోతా. వెనక కూర్చుంటా. ఆ పాట పాడేటప్పుడు ఆమె కండ్లు ఎవని తట్టు పోతాయో చూస్తా. ఆమె మనసులో ఇంకొకడు ఉంటే, ముదిగుబ్బలో అన్న ఇల్లు ఉండాది, నాలుగెకరాల చేను ఉండాది. గొర్రెలు కాచుకోనైనా బతుకుతా గానీ ఈ మగ్గం కాడికి తిరిగి రాను. ఒక రెండు చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. ఆ చొక్కాలు కుళ్ళాయమ్మ ఉతికి మడత పెట్టినవే.

"సంచి ఎందుకు?" అనింది కుళ్ళాయమ్మ.

"ఊరికే."

"నువ్వు ముందర వరసలో కూర్చోవాల. అంతమందిలో నువ్వు కనపడితేనే నాకు ధైర్యం."

ఎంత నేర్పుగా చెప్తాందో అనుకున్నాడు సంజీవప్ప.

మగ్గాల వీధి ఆడోళ్ళంతా ఒక బోగీలో ఎక్కినారు. రాట్నం కిటికీ కాడ, దాని పక్కన ఖాతూన్‌బీ. హిందూపురంలో దిగేసరికి కల్యాణమండపం ముందర జనం. గార్మెంట్ పిల్లలు వ్యాను కట్టించుకోని వచ్చినారు. ముదిగుబ్బ డ్రైవర్ యూనిఫారంతోనే వచ్చినాడు. మడకశిర తట్టు నుంచి వచ్చిన కొందరు కన్నడంలో మాట్లాడుకుంటాండారు గానీ పాట వచ్చేసరికి తెలుగే. స్టేజీకి రెండు పక్కలా నల్ల డబ్బాలు, వాటి మీద తెల్ల రంగుతో జగదీష్ అని రాసి ఉండాది. సంజీవప్ప ముందర వరసకు పోలేదు. అందరి వెనక, ఆఖరి వరసలో, గోడకు ఆనించిన కుర్చీలో సంచి ఒడిలో పెట్టుకోని కూర్చున్నాడు. అక్కడ నుంచి హాలంతా కనపడుతుంది. ఎవడున్నా దొరుకుతాడు.

కుళ్ళాయమ్మ రాట్నం ముందర కూర్చుంది. ముందర వరసలో ఖాళీ కుర్చీ తట్టు చూసింది. హాలంతా వెతికింది. లైట్లు ఆమె మొగం మీద ఉండాయి, వెనక ఏమీ కనపడలేదు. యూనస్ సైగ చేసినాడు. రాట్నం తిరిగింది.

*ఇటు సూడు జగదీషూ...*

అప్పుడు జరిగింది అది. మగ్గాల వీధి ఆడోళ్ళంతా, ముందర రెండు వరసలూ, ఒక్కసారిగా వెనక్కి తిరిగినారు. చూసి, నవ్వి, ఒకరినొకరు మోచేతితో పొడుచుకుంటా మళ్ళీ చూసినారు. వాళ్ళు చూస్తాండేది తన తట్టే. వాడు తన వెనకనే ఉండాడన్నమాట! ఇంత దగ్గరగానా? దొరికినాడు దొంగ అని గిర్రున వెనక్కి తిరిగినాడు.

వెనక గోడ ఉండాది. గోడకు ఒక స్విచ్ బోర్డు ఉండాది. ఇంకేమీ లేదు.

మళ్ళీ ముందరికి తిరిగినాడు. ఆడోళ్ళు ఇంకా చూస్తానే ఉండారు. మళ్ళీ వెనక్కి తిరిగినాడు. ఖాతూన్‌బీ ఇంక ఉండబట్టలేక మోకాళ్ళు పట్టుకోని లేచి, కుర్చీల నడుమ నుంచి ఆయన కాడికి వచ్చింది.

"ఏమబ్బా సంజీవప్పా, యాడ సూస్తాండావు?"

"జగదీష్ ఎవరు పెద్దమ్మా?" అన్నాడు. ఇన్ని నెలలుగా అడగలేని మాట నోట్లో నుంచి అట్లా ఊడిపడింది. "నిజం చెప్పు. ఏమైనా పర్వాలేదు, చెప్పు."

ఖాతూన్‌బీ ఆయన మొగం చూసింది. ఒడిలో సంచి చూసింది. నవ్వుదామని వచ్చిన మనిషి నవ్వలేదు.

"నీకు తెల్దా? అల్లా! నీకెవరూ చెప్పలేదా?" అని పక్క కుర్చీలో కూర్చుంది. "మీ యామిని కడుపులో ఉన్నప్పుడు శ్రీమంతం చేస్తిరి కదా. గాజులు తొడిగింది నేనే. మొగుని పేరు చెప్తేనే తొడుగుతా, లేకుంటే లేదు అని చెయ్యి పట్టుకుంటి. అందరం చుట్టూ చేరి సతాయిస్తిమి. ఆ బిడ్డకు చెప్పేకి నోరు రాలేదు, చెప్పకుంటే మేం వదల్లేదు. ఎదురుగా మైకు డబ్బా ఉండె. దాని మీద రాసి ఉండేది చదివి, జగదీష్ అనేసింది! నవ్వి నవ్వి చచ్చినామబ్బా. ఆ పొద్దు నుంచి మా ఆడోళ్ళల్లో నీ పేరు అదే. మీ జగదీష్ మగ్గం మీద నుంచి చీర దించినాడా అంటాం, మీ జగదీష్ ఊర్లో లేడా అంటాం. అదిగో, ఆ డబ్బాలే సూడు. యాడన్నా ఇంకొక జగదీష్ ఉండాడా పిచ్చోడా? నువ్వే."

సంజీవప్ప డబ్బాలు చూసినాడు. పెనుకొండ పెద్దాయన గుర్తొచ్చినాడు. ఎవరింట్లో శ్రీమంతమో ఇప్పుడు తెలిసింది. చొక్కాలు గుర్తొచ్చినాయి. తేని పూలు గుర్తొచ్చినాయి. చెయ్యి దానంతట అదే మెడ వెనక్కి పోయి తడుముకుంది. పొద్దంతా తనను చూస్తా కూర్చున్న మనిషి, ఇటు చూడు ఇటు చూడు అని తన వీపుతో మొరపెట్టుకుంటా ఉంటే, ఊర్లన్నీ విన్నాయి, తానొక్కడే వినలేదు. మీసాలున్న మొగోడు, ఒడిలో సంచి పట్టుకోని అంతమంది ముందర వెక్కివెక్కి ఏడ్చినాడు. సిగ్గు కూడా అనిపించలేదు.

స్టేజీ మీద కుళ్ళాయమ్మ ఖాతూన్‌బీ పోయిన తట్టే చూస్తా ఉండె. ఆడ ఆయన కనపడినాడు. ఏడుస్తా కనపడినాడు. చెయ్యి రాట్నం తిప్పుతానే ఉండాది గానీ గొంతు ఆగిపోయింది. హాలు ఆగలేదు. పాట నోటికి వచ్చినోళ్ళు కదా, ఆమె విడిచిన కాడ పట్టుకున్నారు. ఇటు సూడు జగదీషూ, ఒకపారి ఇటు సూడు. గార్మెంట్ పిల్లలు, డ్రైవర్, కన్నడమోళ్ళు, అందరూ. సంజీవప్ప లేచి నిలబడినాడు. తల పైకెత్తి కుళ్ళాయమ్మ తట్టు చూసినాడు. పాట అయిపోయేదాకా చూపు తిప్పలేదు.

తిరుగు రైలులో ఇద్దరూ కిటికీ కాడ ఎదురెదురుగా కూర్చున్నారు. నడుమ రాట్నం. వీధి ఆడోళ్ళు దూరంగా కూర్చోని, చూడనట్లు చూస్తాండారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు సంజీవప్ప.

"నీకు తెలుసనుకొంటి" అనింది కుళ్ళాయమ్మ. "వీధంతా నీ ముందరే అంటాండ్రి కదా. నువ్వు తల వంచుకోని పని చేస్తాంటే, విని ముసిముసిగా నవ్వుకుంటాండావేమో అనుకొంటి."

"నేనేమీ వినలే."

"అదీ ఇప్పుడే తెలుస్తాండాది."

పెనుకొండ దాటినాక ఆమె చూపు సంచి మీద పడింది. "దాంట్లో ఏముండాది?" అనింది. సంజీవప్ప తల వంచుకున్నాడు. ఆమె తీసి చూసింది. రెండు చొక్కాలు. ఆ చొక్కాల తట్టు చూసి, ఆయన మొగం తట్టు చూసి, యాడికి పోవాలనుకున్నాడో ఆమెకు అర్థమైంది. తిట్టలేదు. కండ్లనిండా నీళ్ళు తిరిగినాయి. మడతలు మళ్ళీ సరిచేసి సంచిలో పెట్టి, ఆ సంచిని ధర్మవరం దాకా తన ఒడిలోనే పెట్టుకుంది.

మరుసటి రోజు పొద్దున కుళ్ళాయమ్మ వాకిలి ఊడ్చి లోపలికి వచ్చేసరికి రాట్నం దాని జాగాలో లేదు. మగ్గం గుంత ఒకసారి తవ్వినాక జరిపేది కాదు. రాట్నం జరపొచ్చు. సంజీవప్ప దాన్ని ఎత్తి మగ్గానికి ముందరి పక్క, కిటికీ కింద పెట్టినాడు. అక్కడ ఉండే బియ్యం డబ్బా మూలకు పోయింది. ఇరుకే, కాలు చాపేకి లేదు. కానీ మగ్గం కాడ తల ఎత్తితే రాట్నం ముందర కూర్చున్న మనిషి కనపడుతుంది.

కుళ్ళాయమ్మ పోయి అక్కడ కూర్చుంది. పోగు ఎక్కించింది. సంజీవప్ప గుంతలోకి కాళ్ళు దించి, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు. మగ్గం మొదలుపెట్టలేదు.

"ఊఁ" అన్నాడు. "పిలువు."

ఆమె సిగ్గుపడింది. వాకిలి తట్టు చూసింది, ఎవరన్నా ఉండారేమోనని. ఇన్ని ఊర్లు విన్నాక ఇంక సిగ్గేమిటో ఆమెకే తెలియాల.

"జగదీషూ" అనింది, ఇంట్లోవాళ్ళకు మాత్రం వినపడేటంత గొంతుతో.

"ఆఁ" అన్నాడు సంజీవప్ప.